బలం దారిలో నీరసించిపోదు

చిన్నమ్మీ,

ఇంటర్ పిల్లలకు గురుత్వాకర్షణ, విద్యుద్బలం కలిపి డెమో క్లాసు చెప్పబోతున్నావని మీ నాయన ఫోన్ చేశాడు. సంతోషంలో రెండో కాఫీ కూడా తాగాను. బల్బు, హోల్డరు నువ్వే బిగిస్తున్నావని విన్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది.

గది చీకటి చెయ్యి. బల్బు వెలుగు కూడా దూరంతో ఈ బలాల తీరులోనే తగ్గుతుంది కాబట్టి, అది కొలిచి చూపడానికి సెల్‌ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ ముందే చూసుకో. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతవుతుందనే సూత్రం చివర్లో రాయి.

దూరం పోయేకొద్దీ బలం నీరసిస్తుందనే మాట మాత్రం నోట రానీకు. నాతో పనిచేసిన ఒకాయన ఏళ్ల తరబడి అదే చెప్పాడు. ఒకరోజు వెనక బెంచీ పిల్లవాడు లేచి, "చంద్రుడి దగ్గరికి పోయేసరికి 3600 వంతుల్లో ఒక వంతే మిగిలింది గదా సార్, మిగతాదంతా ఎక్కడ పోయింది?" అన్నాడు. ఈయన కూర్చోమన్నాడు. వాడు మళ్లీ నోరు తెరిస్తే ఒట్టు. నాకు ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఎక్కడికీ పోలేదురా అంటే సరిపోయేది! భూమి కేంద్రం నుంచి చంద్రుడు భూవ్యాసార్ధానికి సుమారు 60 రెట్ల దూరంలో ఉన్నాడు. అంత గోళం గీస్తే దాని ఉపరితలం 60 ఇంటూ 60, అంటే 3600 రెట్లు. ఉన్నదే అంత మేరా పరుచుకుంది, మొత్తంలో చిటికెడు తగ్గలేదు. 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుమ్ సన్నటి తీగకు వేలాడదీసిన కడ్డీ ఎంత మెలి తిరిగిందో చూసి విద్యుదావేశాల మధ్య బలం కొలిస్తే వచ్చిందీ ఈ లెక్కే.

నీ బల్బూ అంతే, మీటరు నుంచి రెండు మీటర్లకు జరిగితే వెలుగు పావు వంతు. ట్యూబ్‌లైటు పెట్టకు. బాగా దగ్గర్లో దాని వెలుగు గోళంలా కాక గొట్టం చుట్టూతానే పరుచుకుంటుంది, దూరం రెట్టింపైతే సగమే తగ్గుతుంది. ఆవేశం ఉన్న పొడవాటి తీగదీ అదే తీరు. ఎంత తగ్గేదీ పరుచుకునే తీరును బట్టేనని తెలివైన పిల్ల ఉంటే ఇక్కడే పట్టేస్తుంది.

తిరుమల కొండెక్కితే బరువు తగ్గుతామా అని ఎవడో ఒకడు అడుగుతాడు, తిరుపతి పిల్లలు కదా! దూరం అలిపిరి నుంచి కాదు, 6,371 కిలోమీటర్ల కింద ఉన్న కేంద్రం నుంచి కొలవాలని చెప్పు. 60 కిలోల మనిషి స్ప్రింగు కాటా మీద 15 గ్రాములు కూడా తగ్గడు. మోకాళ్ల పర్వతం దగ్గర కారే చెమటే అంతకన్నా ఎక్కువ.

ఇక ఆ హోల్డరు. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి బిగించు. తడి చేతులతో ముట్టుకోకు. చిన్నప్పుడు మిక్సీ విప్పి మీ అమ్మ చేత తిట్లు తిన్నదానివి, నిన్ను నమ్మను. మా వీధి ఎలక్ట్రీషియన్‌కు ఒకసారి చూపించుకుని పో. డబ్బులు నేను ముందే ఇచ్చేశాను.

మీ పెదనాయన