వ్యాసం సగంలోనే ఆగిపోతోందంటే

మీ బాబు ఆర్‌ఐఎంసీ (రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజ్) ఎంట్రన్స్ ఇంగ్లిష్ పేపర్లో వ్యాసం సగంలో వదిలేస్తున్నాడని రాశారు కదండీ, మా వాడిదీ ఇదే గోల. పేపర్ 125 మార్కులకు, టైమ్ 2 గంటలు. వ్యాసానికి 25 నిమిషాలు దాటనివ్వకండి. చేతిరాతే నెమ్మదనుకున్నాను నేను. ఒకరోజు పక్కన కూర్చుని చూస్తే, మొదటి వాక్యాన్నే నాలుగుసార్లు కొట్టేసి రాశాడు. ఏడు నిమిషాలు అక్కడే హరీ!

అప్పట్నుంచి పద్ధతి మార్చాం. 'వాన పడిన రోజు' అని ఇచ్చి, 4 నిమిషాలు ఉత్త మాటలే రాయమన్నాను: మా బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర నీళ్లు, ఆగిపోయిన స్కూల్ బస్సు, తడిసిన సాక్సులు, డ్రైవరన్న కొనిచ్చిన మొక్కజొన్న పొత్తు. మాట తెలుగులో తట్టినా సరే, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ పిల్లలాయె. చివరి వాక్యం కూడా అప్పుడే రాసిపెట్టుకోవాలి. తర్వాత 18 నిమిషాలు ఆగకుండా రాయడం, మిగిలిన 3 దిద్దుకోవడం. తప్పు పోతే ఒక్క గీత, అంతే. వైట్‌నర్ దాచేయండి.

వారానికి మూడు వ్యాసాలు చాలు. మొదటి రెండు వారాలు స్పెల్లింగుల జోలికెళ్లకుండా, పూర్తిచేశాడా లేదా అన్నదే చూడండి. పాత ప్రశ్నపత్రాల పుస్తకం ప్రాస్పెక్టస్‌తో పాటు డెహ్రాడూన్‌లోని ఆ కాలేజీ నుంచే తెప్పించుకోవచ్చు.