బొమ్మ అమ్ముకోవాలా, బొమ్మ గురించి రాసుకోవాలా?

ప్రశ్న: మాది పెడన. ఇంట్లో కలంకారీ అద్దకం పని. నేను బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ట్యాబ్‌లో డిజిటల్ బొమ్మలు వేస్తాను. వాటిని ఎన్‌ఎఫ్‌టీలుగా (బొమ్మ ఎవరి సొంతమో బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి డిజిటల్ పద్దులో రాసి ఉంచే టోకెన్లుగా) అమ్మితే లక్షలు వస్తాయని మా సీనియర్ ఒకరు అంటున్నారు. హైవ్ అనే బ్లాక్‌చెయిన్ బ్లాగింగ్‌లో పెడితే పాఠకుల ఓట్లకే డబ్బు వస్తుందని నా స్నేహితురాలు అంటోంది. డిగ్రీ ఆపేసి ఒక ఏడాది దీని మీదే కూర్చోవాలని ఉంది. నాన్న ఒప్పుకోవడం లేదు. ఏది ఎంచుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చివర ఉన్న మాటతోనే మొదలుపెడతాను. డిగ్రీ ఆపకండి. మీ నాన్నగారి భయంలో న్యాయం ఉంది. మీరు చెప్పిన రెండు దారుల్లోనూ నెలకింత అని చేతికొచ్చే డబ్బు లేదు. అలాగని బొమ్మలు మానేయమని నేను అనను. చదువుకుంటూనే రోజుకు గంటన్నర పెట్టగలిగితే చాలు. అప్పుడు తేల్చుకోవాల్సింది ఏది ముందు, ఏది తర్వాత అన్నదే. నన్నడిగితే ముందు పాఠకులు, తర్వాత అమ్మకం.

ఎందుకో చెబుతాను. మీ సీనియర్ లక్షలు అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది బహుశా బీపుల్ కథే. 2021 మార్చి 11న క్రిస్టీస్ వేలంలో ఆ అమెరికా చిత్రకారుడి డిజిటల్ బొమ్మ 6.93 కోట్ల డాలర్లకు పోయింది. కొన్నది తమిళనాడు నుంచి వెళ్లి సింగపూర్‌లో స్థిరపడిన విఘ్నేశ్ సుందరేశన్. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. ఆ బొమ్మ దేనితో తయారైందో చూడండి. 2007 మే 1 నుంచి రోజుకొకటి చొప్పున వేసిన 5000 బొమ్మలను కూర్చి చేసిందది. వాటిని ఆయన ఏ రోజుకారోజు ఉచితంగానే జనం ముందు పెడుతూ వచ్చారు. మొదటి ఎన్‌ఎఫ్‌టీ అమ్మింది మాత్రం 2020లో. అంటే ఆయన చేతిపనిని పదమూడేళ్లు చూసినవాళ్లు తయారయ్యాక అమ్మకం జరిగింది.

ఎన్‌ఎఫ్‌టీ మింట్ చేయడం, అంటే బొమ్మను టోకెన్‌గా నమోదు చేయడం, నిమిషాల పని. కొనేవాళ్లు దొరకడమే కష్టం. ముక్కూ మొహం తెలియని వాళ్ల బొమ్మను ఎవరు కొంటారు? పైగా 2022 నుంచి ఆ బజారు బాగా పడిపోయింది. బొమ్మ చేతులు మారిన ప్రతిసారీ చిత్రకారుడికి వాటా వస్తుందని అప్పట్లో గట్టిగా చెప్పేవాళ్లు. 2023 ఆగస్టులో ఎన్‌ఎఫ్‌టీలు అమ్మే ఓపెన్‌సీ లాంటి పెద్ద వేదికే ఆ వాటా ఇవ్వడం తప్పనిసరి కాదని ప్రకటించింది. కాబట్టి ఆ వాటాను లెక్కలో వేసుకోకండి.

ఇప్పుడు హైవ్ సంగతి. అక్కడ కొనేవాళ్లతో పని లేదు. పాఠకులు ఓటు వేస్తారు, ఆ ఓట్లను బట్టి బ్లాక్‌చెయిన్ రోజూ పుట్టించే నాణేల్లోంచి మీకు భాగం వస్తుంది. మీ స్నేహితురాలు చెప్పింది నిజమే. కానీ చేతికెంత వస్తుందో ఒక పోస్టు మీద లెక్క వేసి చూద్దాం.

మీ పోస్టు కింద 4 డాలర్లు అని కనిపిస్తోంది అనుకోండి. ఏడు రోజుల దాకా అది మీది కాదు. ఏడో రోజున అందులో సగం ఓటు వేసినవాళ్లకు పోతుంది. మిగిలిన 2 డాలర్లలో మామూలుగా సగం హెచ్‌బీడీ అనే నాణెంలో వస్తుంది. దాని విలువ దాదాపు ఒక డాలరు దగ్గర ఉండేలా ఏర్పాటు చేశారు. ఇంకో సగం హైవ్ పవర్‌గా, అంటే తాళం వేసిన పొదుపుగా జమ అవుతుంది. దాన్ని బయటికి తీయాలంటే 13 వారాలు, వారానికో వాయిదా. అంటే 4 డాలర్ల పోస్టుకు వెంటనే వాడుకోగలిగింది 1 డాలరు. కొత్తవాళ్ల పోస్టులు చాలాసార్లు పైసల దగ్గరే ఆగిపోతాయి.

ఇంకో మాట కూడా తెలియాలి. అక్కడ అందరి ఓటూ సమానం కాదు. ఎవరి ఖాతాలో హైవ్ పవర్ ఎక్కువ ఉంటే వాళ్ల ఓటుకు అంత బరువు. పెద్ద ఖాతా ఒకటి ఓటేస్తే రెండు డాలర్లు పెరగవచ్చు, అదే ఖాతా డౌన్‌వోట్ (వ్యతిరేక ఓటు) వేస్తే ఏడో రోజు లోపు మొత్తం సున్నా కావచ్చు. ఎవరిదో బొమ్మ తెచ్చి పెట్టినా, ఏఐతో చేయించి తానే గీశానన్నా అక్కడివాళ్లు పట్టేస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది, నిజంగా గీసేవాళ్లకు అది రక్ష.

నాణెం ధర కూడా మన చేతిలో ఉండదు. హైవ్‌కు పుట్టిల్లు స్టీమ్ అనే ఇలాంటి బ్లాగింగ్ బ్లాక్‌చెయిన్. అది 2016లో మొదలైంది. 2018 జనవరిలో స్టీమ్ నాణెం 8 డాలర్ల దాకా ఎగబాకి, ఆ ఏడాది చివరికి అర డాలరు కిందకు పడింది. 2020 ఫిబ్రవరిలో స్టీమ్ వెనకున్న స్టీమిట్ కంపెనీని, ట్రాన్ అనే మరో బ్లాక్‌చెయిన్ అధిపతి జస్టిన్ సన్ కొన్నారు. అది ఇష్టం లేని సభ్యులు మార్చి 20న విడిపోయి హైవ్ పెట్టుకున్నారు. ఒక కంపెనీ చేతులు మారినా రాసేవాళ్లూ చదివేవాళ్లూ కలిసి వేరే చోటికి వెళ్లగలిగారు. మీకు అక్కడ దొరికే అసలు ఆస్తి ఆ మనుషులే. అందుకే నాణేలు లెక్కపెట్టకండి. రెండోసారి, మూడోసారి వచ్చి మీ బొమ్మ గురించి ప్రశ్న అడిగినవాళ్లను లెక్కపెట్టండి. అలాంటివాళ్లు నలభై మంది అయినప్పుడు అమ్మకం మొదలుపెట్టండి. నలభై అనేది నా అంచనా మాత్రమే. అప్పుడైనా నాలుగైదు బొమ్మలే పెట్టండి, ముందుగా గ్యాస్ ఫీజు, అంటే బ్లాక్‌చెయిన్‌లో నమోదుకు అయ్యే రుసుము, కట్టక్కర్లేని పద్ధతిలోనే. అదే మనుషుల్లో ఒకరు "మా పాపాయి పుట్టినరోజుకు ఒక బొమ్మ వేసిస్తారా" అని అడిగితే, ఆ ఆర్డరుకు వచ్చే డబ్బు ఎన్‌ఎఫ్‌టీ కన్నా నమ్మకమైనది.

అమ్మేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. టోకెన్ కొన్నంత మాత్రాన కాపీరైట్ కొన్నట్టు కాదు. మీరు రాతపూర్వకంగా ఇస్తే తప్ప అది మీ దగ్గరే ఉంటుంది. ఈ సంగతి బొమ్మ వివరణలోనే రాసిపెట్టండి. అలాగే మీ వీధిలో అచ్చులు చెక్కేవారి డిజైన్‌ను స్కాన్ చేసి మీ పేరుతో అమ్మకండి. దాన్ని చూసి మీ ఊహతో కొత్తది గీయండి, ఆయన పేరు చెప్పవచ్చా అని అడిగి, సరేనంటే చెప్పండి.

ఇక మోసాలు. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రాడికి ఇన్‌స్టాలో మెసేజ్ వచ్చింది, "మీ మూడు బొమ్మలు కొంటాను, ఈ సైట్‌లో మింట్ చేయండి" అని. సైట్ తెరిస్తే ముందు గ్యాస్ ఫీజు కట్టమంది. కట్టాడు. బొమ్మలు అమ్ముడైనట్టు తెరమీద లక్షలు కనిపించాయి. తీసుకోబోతే ఇంకో ఫీజు. అదీ అప్పు చేసి కట్టాడు. ఆ అబ్బాయి నా ముందు కూర్చుని ఫోన్ తెరిచి ఆ అంకె చూపించినప్పుడు కూడా, అది ఉత్తదే అని నమ్మలేకపోయాడు. కొంటానన్నవాళ్లు మీచేత డబ్బు కట్టిస్తున్నారంటే అక్కడే ఆపేయండి, జవాబు కూడా ఇవ్వకండి.

హైవ్‌లో మీకు పాస్‌వర్డ్‌ల్లాంటి కొన్ని తాళంచెవులు (కీలు) ఇస్తారు. రోజూ పోస్టు చేయడానికి, ఓటు వేయడానికి పోస్టింగ్ కీ చాలు. డబ్బు కదిలించేది యాక్టివ్ కీ. దాన్ని కనిపించిన ప్రతి లింకులో టైప్ చేయకండి. అన్నిటికీ మూలమైన మాస్టర్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది పోతే ఓటీపీ తెప్పించుకుని మార్చుకునే వీలు లేదు. నాణేలను డబ్బుగా మార్చే ఎక్స్‌ఛేంజీకి హైవ్ పంపేటప్పుడు వాళ్లిచ్చిన మెమో నంబరు తప్పకుండా వేయాలి. అది మరిచిపోయి డబ్బు కోసం వారాల తరబడి టెన్షన్ పడినవాళ్లను చూశాను.

పన్ను సంగతి మీరు బీకాం కాబట్టి తేలిగ్గా అర్థమవుతుంది. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీల బదిలీ లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసివేయనివ్వరు, ఒకదానిలో నష్టాన్ని ఇంకోదాని లాభంలో సర్దుకోనివ్వరు. 2022 జులై నుంచి 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. ఏ తేదీన ఎన్ని నాణేలు వచ్చాయి, ఆ రోజు రూపాయల్లో విలువ ఎంత, ఎప్పుడు మార్చారు, ఇవన్నీ మొదటి రోజు నుంచే ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి. రిటర్న్ వేసే ముందు ఆడిటర్‌కు చూపించండి.

డిగ్రీ ఆపొద్దనడానికి ఇంకో కారణం ఉంది. మూడేళ్ల డిగ్రీ ఉంటే, బీకాం అయినా సరే, ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాయవచ్చు. చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయవచ్చు. దాని ద్వారా బీకాం వాళ్లను తీసుకునే సంస్థల్లో డిజైన్‌లో పీజీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ ఇంటర్వ్యూలో పోర్ట్‌ఫోలియో అడిగితే, మీ హైవ్ పోస్టులు తేదీలతో సహా సిద్ధంగా ఉంటాయి. మధ్యలో ఆపేస్తే ఈ తలుపు మూసుకుపోతుంది. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు లక్షల సంగతి ఎత్తకుండా ఈ పరీక్ష గురించి చెప్పండి.

మొదటి పోస్టుకు ట్యాబ్ బొమ్మ వద్దు. ఈ ఆదివారం మీ ఇంట్లోనే ఫోటోలు తీయండి. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ, ఇనుప ముక్కలూ బెల్లం నానబెట్టి చేసిన నల్లరంగు, టేకు అచ్చు మీద చెయ్యి పడే చోట అరిగిన నున్నదనం. ఒక్కో ఫోటో కింద నాలుగు ముక్కలు తెలుగులో, నాలుగు ఇంగ్లీషులో రాయండి. చివర్లో ఆ అచ్చును చూసి మీరు ట్యాబ్‌లో గీసిన మొదటి గీతల నుంచి పూర్తయిన బొమ్మ వరకు వరసగా పెట్టండి. గుడ్డ మీద అచ్చు ఎలా నొక్కుతారో మీ నాన్నగారినే చెప్పమనండి, ఆయన మాటల్లోనే రాయండి.