కిడ్నీ జబ్బులో పీటీహెచ్ ఎందుకు అంతగా పెరుగుతుంది?

డయాలసిస్‌లో ఉన్న మనిషికి కాల్షియం నార్మల్‌గా ఉండి, పీటీహెచ్ మాత్రం 400 (మిల్లీలీటరుకు పికోగ్రాములు) ఎందుకొచ్చిందని అడిగారు. పీటీహెచ్ అంటే పారాథైరాయిడ్ హార్మోన్, రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసేది. మామూలువాళ్లకు 65 దాటితేనే ఎక్కువంటాం. డయాలసిస్ వాళ్లకు మాత్రం ఆ గరిష్ఠ పరిమితికి 2 నుంచి 9 రెట్ల దాకా ఉండనిస్తారు. వీళ్ల ఎముక ఆ హార్మోన్ మాట సరిగా వినదు మరి. అదే పని జరగాలంటే పీటీహెచ్ ఎక్కువ కావాలి.

మొదలయ్యేది ఫాస్ఫరస్‌తో. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే ఎముకలు ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్ ఎక్కువగా వదులుతాయి. దాంతో చురుకైన విటమిన్ డి తగ్గుతుంది, పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోవు, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులకు పని పెరుగుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఏళ్ల తరబడి పనిచేసి పెరిగిపోయిన గ్రంథిలో కాల్షియాన్ని పసిగట్టే రిసెప్టర్లు, విటమిన్ డి రిసెప్టర్లు తగ్గిపోతాయి. బ్రేకులు అరిగిన బండిలా, రక్తంలో కాల్షియం సరిపోయినా అది ఆగదు. ఎఫ్‌జీఎఫ్-23 కూడా దాన్ని అదుపు చేయాలి కానీ, అందుకు తోడుండాల్సిన క్లోథో ప్రోటీన్ కూడా అక్కడ తగ్గిపోతుంది. పీటీహెచ్ తగ్గించడానికి ఇచ్చే సినాకాల్సెట్ మాత్ర మిగిలిన కాల్షియం రిసెప్టర్లనే మరింత చురుగ్గా స్పందించేలా చేస్తుంది.

కొందరికి కిడ్నీ మార్పిడి జరిగాక కూడా పీటీహెచ్ దిగదు, పైగా కాల్షియం పెరుగుతుంది. అలాంటప్పుడు గ్రంథి తీసేసే ఆపరేషన్ అవసరం కావచ్చు.