ప్రీలోడ్ బిగించినా వెనక తగులుతుంటే స్ప్రింగ్ మార్చాలా?

అన్నా, మీరు 95 కిలోలు, పైన లగేజీ, హిమాలయన్ 450 బైక్ మీద బెంగళూరు దగ్గరి కనకపుర దాటాక మట్టిదారిలో గుంత వచ్చినప్పుడల్లా వెనక సస్పెన్షన్ పూర్తిగా కుంగి దబ్బున తగులుతోంది, ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే బిగింపు) చివరిదాకా బిగించినా తగ్గలేదన్నారు. తగ్గదు. ప్రీలోడ్‌తో బండి ఎత్తు పెరుగుతుందే గానీ స్ప్రింగ్ గట్టిపడదు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ముందు సాగ్, అంటే బరువుకి బండి ఎంత కుంగుతుందో కొలవండి. వెనక చక్రం గాల్లోకి లేపి, ఇరుసు నుంచి దాని నేరుగా పైన సీటు కింద టేపు అంటించిన చోటికి ఎంతుందో రాసుకుని, తర్వాత రైడింగ్ గేరంతా వేసుకుని లగేజీతో సహా ఎక్కి కూర్చుంటే ఇంకొకరు మళ్లీ కొలవాలి (నాకు మా ఆవిడే కొలిచింది, ఆ తిట్లు వేరే కథ). తేడా 200 మి.మీ. ట్రావెల్‌లో (చక్రం పైకీ కిందకీ కదిలే మొత్తం దూరం) దాదాపు మూడో వంతు, అంటే 60-65 మి.మీ. రావాలి. అది రావడానికే ప్రీలోడ్ మొత్తం బిగించాల్సి వచ్చి, మీరు దిగి లగేజీ తీశాక బండి తన బరువుకి దాదాపు కుంగకపోతే, స్ప్రింగ్ మీకు మెత్తనే.

కొనేటప్పుడు ఒక్క మెట్టు గట్టిది చాలు. కంపెనీ ఇచ్చిన షాక్ అబ్జార్బర్‌లో రీబౌండ్ (నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి లేచే వేగం) అడ్జస్ట్‌మెంట్ లేదు కదా, మరీ గట్టిది వేస్తే రాయి ఎక్కిన ప్రతిసారీ సీటు మిమ్మల్ని ఎగరేస్తుంది. ముందు చక్రం ఫోర్కులకీ ఇదే కొలత, కానీ వెనక సరిచేశాకే.