టెక్ సందేహాలు: నెట్‌వర్క్ ఒకటే, సిగ్నల్ మాత్రం మా ఆవిడ ఫోన్‌కే!

మాది కేపీహెచ్‌బీలో రెండో అంతస్తు. ఇద్దరిదీ ఒకే నెట్‌వర్క్. పడగ్గదిలో మా ఆవిడ ఫోన్ నిక్షేపంగా పనిచేస్తుంది, నాది కట్ అయిపోతుంది. నిజానికి నాదే ఖరీదైన ప్రాసెసర్. బావమరిది అమెరికా నుంచి తెచ్చాడు. ఎందుకిలా? – కూకట్‌పల్లి పాఠకుడు

ప్రాసెసర్ జోలికి వెళ్లకండి, దాని తప్పేం లేదు. యాంటెన్నాకీ, సిగ్నల్‌ని డేటాగా మార్చే మోడెమ్‌కీ మధ్య ఫిల్టర్లు, వచ్చిన సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్, టవర్‌కి పంపే పవర్ యాంప్లిఫయర్ ఉంటాయి. మీ కథంతా అక్కడే. కెమెరా మెగాపిక్సెళ్ల గురించి ఊదరగొట్టే ప్రకటనల్లో వీటి ఊసే ఉండదు.

ఫోన్ ఏ బ్యాండ్ (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీల పట్టీ) పట్టుకోవాలన్నా దానికి తగిన ఫిల్టర్ లోపల ఉండాలి. మన దేశంలో జియో 4జీ 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌ల మీద, ఎయిర్‌టెల్ 4జీ 900, 1800, 2100, 2300ల మీద నడుస్తాయి. కాంక్రీటు గోడలు దాటి లోపలి గదిదాకా రాగలిగేవి ప్రధానంగా 850, 900లే. అమెరికా 4జీలో 900, 2300లతో (బ్యాండ్ 8, 40) పెద్దగా పనిలేదు కనుక అక్కడి కొన్ని మోడళ్లలో అవి ఉండవు. బాల్కనీలో బాగుండి పడగ్గదిలో చచ్చిపోతోందంటే నా అనుమానం దీనిమీదే. మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో బ్యాండ్ల జాబితా చూడండి.

ముందుగా సిమ్‌లు మార్చి చూడండి. గీతలు లెక్కపెట్టకండి, ఏ అంకెకి ఎన్ని గీతలు చూపాలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అంకె ఉంటుంది. మైనస్ 85 అయితే హాయి, మైనస్ 115 అయితే కాల్ నిలవడం కష్టం. ఒకే మంచం మీద పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లకి 10 తేడా వచ్చిందంటే చిన్న విషయం కాదు, అందే శక్తిలో పది రెట్ల తేడా.

సెల్లార్ ఆఫీసులో ఫోన్ వేడెక్కి, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది. – అమీర్‌పేట

టవర్‌కి వినబడాలని పవర్ యాంప్లిఫయర్ గరిష్ఠ శక్తితో, అంటే దాదాపు 200 మిల్లీవాట్లతో అరుస్తోంది. ఆఫీసు వైఫై ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి.

డిస్‌ప్లే మార్పించాక సిగ్నల్ పడిపోయింది. – మలక్‌పేట

చాలా ఫోన్లలో కింది బోర్డు దగ్గరి యాంటెన్నాని మెయిన్ బోర్డుకి కలిపేది దారంలాంటి సన్నటి కేబుల్. విప్పి బిగించేటప్పుడు దాని చివరి చిన్న గుండ్రటి కనెక్టర్ టిక్కుమని కూర్చోకపోతే ఇలాగే అవుతుంది. మార్చిన షాపువాళ్లనే మళ్లీ తెరిచి చూడమనండి. దానికి వేరే డబ్బులడిగితే మాత్రం ఇవ్వకండి.