అర్ధరాత్రి కంప్యూటర్‌ని లేపుతున్నదెవరు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల, డెస్క్‌టాప్ నిద్ర. కొందరిది నిద్రపోదు, కొందరిది నిద్రపోతే లేవదు, ఇంకొందరిది లేపకుండానే లేచి కూర్చుంటుంది. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. షాపుకి మోసుకెళ్ళే ముందు, విండోస్ కొట్టించేసే ముందు ఒక్కసారి కంప్యూటర్‌నే అడగండి, ఏం జరిగిందో చాలావరకు అదే రాసిపెట్టుకుంటుంది.

ప్రశ్న: అన్నా నమస్తే. పిల్లల చదువుకని రెండేండ్ల కింద డెస్క్‌టాప్ తీసుకున్నం. రాత్రి పండుకునేటప్పుడు స్లీప్‌ల పెడ్తం. నడిరాత్రి దానంతట అదే లేస్తది, గదంత వెలుగు, ఫ్యాన్ల సప్పుడు. మా అమ్మ భయపడి ప్లగ్గు పీకేస్తున్నది. కరెంటు పోయొచ్చిన రోజైతే పక్కా లేస్తది, మామూలు రోజుల్ల గూడ వారానికి రెండు మూడు సార్లు. వైరస్ గిట్ల ఉన్నదా?
– ఇద్దరు పిల్లల తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: వైరస్ అనిపించట్లేదండీ. ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. స్లీప్‌లో పెట్టినప్పుడు ప్రాసెసర్, డిస్కు, ఫ్యాన్లు అన్నీ ఆగిపోతాయి, ర్యామ్‌కి మాత్రం కొద్దిగా కరెంటు అందుతూ ఉంటుంది, దాంతోపాటు యూఎస్‌బీ పోర్టులు, నెట్‌వర్క్ కార్డు కూడా సగం మెలకువగా ఉంటాయి, ఇల్లంతా పడుకున్నా వాకిట్లో మంచమేసుకుని ఒకరు మేలుకుని ఉన్నట్టు. వాళ్ళలో ఎవరైనా పిలిస్తే సిస్టమ్ లేస్తుంది. ఎవరు పిలిచారన్నదే మనం పట్టుకోవాల్సింది.

మీ ఉత్తరంలో నాకు రెండు వేరువేరు జబ్బులు కనిపిస్తున్నాయి. కరెంటు వచ్చిన రోజు పక్కా లేస్తోందన్నారు కదా, అది బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందే మొదలయ్యే మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్‌లో ఉండే సెట్టింగ్. ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే బయోస్ వస్తుంది, అందులో పవర్‌కి సంబంధించిన పేజీలో 'రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' లాంటి పేరుతో ఒకటుంటుంది, కంపెనీని బట్టి పేరు కాస్త మారుతుంది. అది 'పవర్ ఆన్' అనో 'లాస్ట్ స్టేట్' అనో ఉంటే కరెంటు రాగానే సిస్టమ్ తనంతట తాను స్టార్ట్ అయిపోతుంది. 'పవర్ ఆఫ్' అని మార్చి సేవ్ చేయండి, ఆ సంగతి అక్కడితో అయిపోతుంది.

ఇక మామూలు రోజుల సంగతి. ఈసారి అది లేచినప్పుడు రీస్టార్ట్ చేయకండి, ప్లగ్గు అసలే పీకకండి, ఉన్నది ఉన్నట్టు వదిలేసి పొద్దున్న కమాండ్ ప్రాంప్ట్‌ని, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీని, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. అందులో పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిషులో కొట్టాలి, పవర్ పక్కనే సి, ఎఫ్, జి, మధ్యలో ఖాళీ లేకుండా. తర్వాత ఒక స్పేసు, ఒక స్లాష్, దాన్నానుకుని లాస్ట్‌వేక్. ఎంటర్ కొడితే ఆఖరిసారి ఎవరు లేపారో చెప్తుంది. ఒక్కోసారి ఏమీ లేదంటుంది, అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లోకి వెళ్ళి సిస్టమ్ లాగ్‌లో 'పవర్ ట్రబుల్‌షూటర్' పేరుతో ఉన్న ఎంట్రీ వెతకండి, ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, దేనివల్ల లేచింది మూడూ అక్కడ ఉంటాయి.

ఎక్కువసార్లు దొరికే దొంగలు ముగ్గురు. మొదటిది నెట్‌వర్క్ కార్డు. రౌటర్‌కి తగిలించిన టీవీ, ఫోన్లు నెట్‌వర్క్‌లో ఎవరున్నారా అని పలకరిస్తూ ఉంటాయి, ఆ పలకరింపుకే కొన్ని కార్డులు లేచిపోతాయి. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు మీద డబుల్ క్లిక్ చేసి పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ని లేపడానికి అనుమతి ఇచ్చే టిక్ తీసేయండి. ఆఫీసు నుంచి ఇంటి సిస్టమ్‌ని లేపుకునే అలవాటుంటే టిక్ ఉంచి, దాని కిందే ఉండే మ్యాజిక్ ప్యాకెట్ టిక్ కూడా పెట్టండి, అప్పుడు దానికోసమే పంపిన పిలుపుకి తప్ప వేరేదానికి లేవదు. రెండోది వేక్ టైమర్లు, అంటే అప్‌డేట్ల కోసమో, ఏదో సాఫ్ట్‌వేర్ తన పని చేసుకోవడం కోసమో పెట్టుకునే అలారాలు. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో స్లీప్ కింద వేక్ టైమర్లని డిజేబుల్ చేయొచ్చు.

మూడోది మౌస్. ఇది నా అనుభవమే. మా ఇంట్లో టేబుల్ ఒక కాలు కొంచెం పొట్టి, పైన ఫ్యాన్ అయిదులో పెడితే టేబుల్ సన్నగా వణుకుతుంది, చెయ్యి ఆనిస్తే తప్ప తెలియదు, కానీ మౌస్ కింద ఎర్ర లైటుకి ఆ వణుకు చాలు. లాస్ట్‌వేక్ కొడితే మౌస్ అని చెప్పలేదు, యూఎస్‌బీ కంట్రోలర్ పేరు చూపించింది, అందుకే మొదటిరోజు నాకు అర్థం కాలేదు. రెండో రాత్రి మౌస్ వైరు పీకి పడుకున్నా, తెల్లారేదాకా కదల్లేదు. డివైస్ మేనేజర్‌లో మౌస్‌కి లేపే హక్కు తీసేసి కీబోర్డుకి మాత్రం ఉంచా, అంతే. ఏయే పరికరాలకి లేపే హక్కు ఉందో జాబితా కావాలంటే పవర్‌సీఎఫ్‌జీ తర్వాత స్లాష్ డివైస్‌క్వెరీ, స్పేసు, వేక్ అండర్‌స్కోర్ ఆర్మ్‌డ్ అని కొట్టండి.

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన టీచర్ని. పదిహేను నిమిషాలకి స్లీప్‌లోకి వెళ్ళేట్టు పెట్టుకున్నాను. మానిటర్ ఆరిపోతుంది గానీ సీపీయూ డబ్బా మాత్రం రాత్రంతా గుర్రుమంటూనే ఉంటుంది. కరెంటు బిల్లు మీద ఏమైనా పడుతుందా?
– తణుకు

జవాబు: మాస్టారూ, పడుతుందండీ. ఖాళీగా ఆన్‌లో ఉన్న డెస్క్‌టాప్ 50 వాట్లు లాగుతుందనుకుంటే, రోజుకి 16 గంటలు అలా వదిలేస్తే 0.8 యూనిట్, నెలకి 24 యూనిట్లు. నిద్రలో ఉంటే కొద్ది వాట్లతో సరిపోతుంది. మానిటర్ ఆరడం, సిస్టమ్ పడుకోవడం రెండూ వేరువేరు సెట్టింగులు, ముందు రెండోది కూడా పెట్టి ఉందో లేదో చూడండి. ఉన్నా పడుకోవట్లేదంటే ఏదో ప్రోగ్రామ్ 'ఇప్పుడే వద్దు, నాకు పనుంది' అని పట్టుకుని ఉంటుంది. పై జవాబులో చెప్పిన కమాండే, చివర స్లాష్ రిక్వెస్ట్స్ అని కొట్టండి, పట్టుకున్నదాని పేరు కనిపిస్తుంది. బ్రౌజర్‌లో ఏ మూలనో పాట గానీ ప్రవచనం గానీ నడుస్తూ ఉండిపోవడం, ఏదో పెద్ద డౌన్‌లోడ్ సాగుతూ ఉండడం, సౌండ్ డ్రైవర్ (సౌండ్ కార్డుని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) వదలకపోవడం, వేరే గదిలోని కంప్యూటర్ మీ ఫోల్డర్ ఒకటి తెరిచి ఉంచడం, ఇలాంటివే ఎక్కువ. మనవలు ఆడుకునే గేమ్ జాయ్‌స్టిక్ తగిలించే ఉంటే అది పీకి కూడా చూడండి, కొన్నిటికి అదే అడ్డం.

ప్రశ్న: సర్, స్లీప్ నుంచి లేపితే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపితే తప్ప దారి లేదు. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేయాలన్నారు. నాన్నని డబ్బులు అడగలేకపోతున్నా.
– ఇంజనీరింగ్ స్టూడెంట్, కూకట్‌పల్లి

జవాబు: ఆగు తమ్ముడూ, ఇప్పుడే డబ్బులు పెట్టకు. మామూలుగా ఆన్ చేస్తే బాగానే పనిచేస్తూ, నిద్ర నుంచి లేచేటప్పుడు మాత్రమే ఇబ్బంది పెడుతోందంటే బోర్డు పోయిందని ఒక్క మాటలో తేల్చేయడం నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు, ఎదుటివాడి జేబులోంచి వేలకి వేలు తీయించే మాట అది, చెప్పేముందు పది నిమిషాలు పరీక్ష చేయాలి.

ఈసారి స్క్రీన్ నల్లగా ఉన్నప్పుడు కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి చూడు. లైటు వెలిగి ఆరుతోందంటే సిస్టమ్ లోపల బతికే ఉంది, బొమ్మ ఒక్కటే రాలేదు. అప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కు, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది, చిన్న బీప్ వచ్చి స్క్రీన్ తిరిగొస్తే దొంగ ఆ డ్రైవరే. కార్డు తయారీ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ వేసుకో, ఈమధ్యే అప్‌డేట్ అయ్యాక మొదలైతే వెనకటి వెర్షన్‌కి వెళ్ళు. అయినా రాకపోతే మానిటర్‌నే ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్, కేబుల్ మార్చి చూడు, డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మారిస్తే సర్దుకున్న సిస్టమ్‌లు చూశాను.

క్యాప్స్ లాక్ లైటు కదల్లేదంటే సిస్టమే పూర్తిగా లేవలేదు. అప్పుడు ర్యామ్ వైపు చూడాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ర్యామ్ స్పీడు పెంచుకున్నావా? ఆటలకోసం చాలామంది చేస్తారు, పగలంతా బాగానే నడుస్తుంది, నిద్ర నుంచి లేచేటప్పుడు తడబడుతుంది. ఒక రెండ్రోజులు అది ఆపి చూడు. బయోస్‌కి కొత్త వెర్షన్ ఉంటే వెయ్, అప్పుడు మాత్రం మధ్యలో కరెంటు పోకూడదు, యూపీఎస్ ఉన్నచోటే చెయ్. తర్వాత స్లీప్ బదులు హైబర్నేట్ చేసి చూడు, దాన్ని మెనూలో ఎలా తెచ్చుకోవాలో కింది జవాబులో రాశా. హైబర్నేట్ నుంచి ప్రతిసారీ చక్కగా లేస్తూ స్లీప్ నుంచే లేవట్లేదంటే ఎస్ఎంపీఎస్ మీద, అంటే డబ్బా లోపల అన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై మీద కూడా అనుమానం పెట్టుకోవచ్చు. అందులో ఊదారంగు వైరు ఒకటుంటుంది, సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది, నిద్రలో ర్యామ్ బతికేది దానిమీదే, లోపల కెపాసిటర్ ఉబ్బి అది బలహీనపడితే ఇవే లక్షణాలు. హాస్టల్లో ఫ్రెండ్ ఎస్ఎంపీఎస్ ఒక్కరోజు అడిగి తెచ్చుకుని పెట్టి చూడు, కానీ కేబుళ్ళు కూడా దానివే వాడు, పాతదాని కేబుళ్ళు కొత్తదానికి తగిలించకు, పిన్నులు తేడాగా ఉంటే డిస్కు కాలిపోతుంది. ఇవన్నీ అయ్యాకే మదర్‌బోర్డు మాట.

ప్రశ్న: నమస్కారమండి. నేను డీటీపీ పని చేస్తాను. పెళ్ళికార్డులు, కరపత్రాలు. భోజనానికి వెళ్ళేటప్పుడు స్లీప్‌లో పెట్టి వెళ్తే కరెంటు పోయి, వచ్చేసరికి పేజీ మొత్తం మాయం. రెండుసార్లు మళ్ళీ కొట్టుకున్నాను. ఇన్వర్టర్ ఉంది, అయినా సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతోంది.
– అనకాపల్లి

జవాబు: అయ్యో, చేసిన పని మళ్ళీ చేయడం అంత విసుగు ఇంకోటి లేదండీ. ముందు నిద్రలో రకాలు చెప్తా. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అని ఒక పద్ధతి తెచ్చాయి, ఈ మెట్ల పేర్లు అందులోవే. ఎస్3 అంటే మామూలు స్లీప్, పని అంతా ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే పోయినట్టే. ఎస్4 హైబర్నేట్, పని మొత్తం డిస్కులో రాసి పూర్తిగా ఆగిపోతుంది, ప్లగ్గు పీకేసి వారం తర్వాత పెట్టినా మీ పేజీ మీకే ఉంటుంది. ఎస్5 షట్‌డౌన్.

మీలాంటివాళ్ళకి మంచిది హైబ్రిడ్ స్లీప్, అది ముందు డిస్కులో రాసుకుని ఆ తర్వాత పడుకుంటుంది. కరెంటు ఉంటే క్షణాల్లో లేస్తుంది, పోతే డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్‌లో స్లీప్ కింద 'అలో హైబ్రిడ్ స్లీప్' ఆన్ చేయండి. అక్కడ కనిపించకపోతే పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఎ కొట్టండి, మీ సిస్టమ్‌కి ఏ నిద్రలు వచ్చో, రానివి ఎందుకు రావో చెప్తుంది. హైబర్నేట్ ఆపేసి ఉంటే హైబ్రిడ్ కూడా ఉండదు, అదే కమాండ్ చివర స్లాష్ హెచ్, స్పేసు, ఆన్ అని కొట్టి తెప్పించుకోండి, కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ బటన్ల పేజీలో హైబర్నేట్‌కి టిక్ పెడితే మెనూలో కూడా వస్తుంది. దీనికి సీ డ్రైవ్‌లో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం చోటు పోతుంది, 8 జీబీ ర్యామ్ ఉంటే సుమారు 3.2 జీబీ. పోతే పోనివ్వండి, మీ పేజీకన్నా ఎక్కువా?

ఇక ఇన్వర్టర్. దాని వెనకో ముందో చిన్న స్విచ్ ఉంటుంది, చాలావాటికి, ఒకవైపు యూపీఎస్ అని, ఇంకోవైపు నార్మల్ అనో ఎకో అనో. మీది రెండోవైపు ఉందేమో చూడండి. ఆ వైపుంటే కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి కాస్త ఎక్కువ టైమ్ తీసుకుంటుంది, ఫ్యానుకి, ట్యూబులైటుకి తెలియదు గానీ కంప్యూటర్ ఓర్చుకోలేదు, ఎస్ఎంపీఎస్ పట్టి ఉంచగలిగేది సెకనులో వందో వంతుకి అటూఇటుగా. యూపీఎస్ వైపు పెట్టి చూడండి. అప్పటికీ రీస్టార్ట్ అవుతుంటే కంప్యూటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోండి, దాని బ్యాటరీ ఎప్పుడు మార్చారో స్టిక్కర్ మీద పెన్నుతో తేదీ రాసిపెట్టుకోండి, లేకపోతే అది చచ్చిపోయిన సంగతి కరెంటు పోయినరోజే తెలుస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అని కనిపిస్తే కంగారు పడొద్దు, సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందన్న కబురు తప్ప దానికి కారణం అందులో ఉండదు.

ప్రశ్న: షట్‌డౌన్ చేశాక కూడా మౌస్ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఇది మామూలేనా? ఇంకోటి, ఏదైనా ఇబ్బందొస్తే షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే పోవట్లేదు, రీస్టార్ట్ చేస్తే పోతోంది. రెండూ ఒకటే కదా?
– కడప

జవాబు: మౌస్ లైటు మామూలేనండీ, పైన చెప్పిన ఊదా వైరు పనే అది. వద్దనుకుంటే బయోస్‌లో 'ఈఆర్‌పీ రెడీ' ఆన్ చేయండి, కాకపోతే నెట్‌వర్క్ ద్వారా లేపుకోవడం, ఆఫ్‌లో ఉన్నప్పుడు యూఎస్‌బీకి ఫోన్ పెట్టి చార్జింగ్ చేసుకోవడం పనిచేయవు.

రెండోది మంచి ప్రశ్న, నిజంగానే ఆ రెండూ ఒకటి కాదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని వచ్చింది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రాములు మూసేసినా విండోస్ గుండెకాయని డిస్కులో దాచి, మర్నాడు అదే తీసి పెడుతుంది. డ్రైవర్ ఏదైనా తిక్కగా ఉంటే ఆ తిక్క కూడా అలాగే దాక్కుని వచ్చేస్తుంది. రీస్టార్ట్‌లో అలా కాదు, మొదటినుంచి మొదలవుతుంది. నిజంగా పూర్తిగా ఆపాలంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద క్లిక్ చేయండి, లేదా పవర్ బటన్ల పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌లో అది తీసేస్తే ఆన్ అవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, మా ఇంట్లో తీసేసే ఉంచాను.