మాస్టారూ, ఒక డౌటు: ఆ గొంతు ఎవరిది?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు): మాస్టారూ, ఇంగ్లీషు దర్శకుడు హిచ్‌కాక్ తీసిన ‘బ్లాక్‌మెయిల్’ సినిమా ఈమధ్యే చూశాను. హీరోయిన్ గొంతు ఆవిడది కాదని మా అన్నయ్య పందెం కాస్తున్నాడు. 1929లోనే డబ్బింగ్ ఉండేదా?

జవాబు: పందెం సగం గెలిచాడమ్మా మీ అన్నయ్య. గొంతు ఆవిడది కాదు నిజమే, కానీ అది డబ్బింగూ కాదు. లండన్ పక్కన ఎల్‌స్ట్రీ స్టూడియోలో ఆ సినిమాని మూకీగానే మొదలెట్టారు, ఈలోగా టాకీల గాలి వీచేసరికి మాటలు పెట్టాల్సొచ్చింది. చిక్కంతా అక్కడే. హీరోయిన్ ఆనీ ఓండ్రా చెక్ అమ్మాయి, కథలోనేమో లండన్‌లో చిన్న కొట్టు పెట్టుకున్నాయన కూతురు, ఆ యాసతో మాట్లాడితే ఎవరు నమ్ముతారు? తీసేశాక గొంతు అతికించే వీలు అప్పటికింకా లేదు. దాంతో జోన్ బారీ అనే నటిని ఫ్రేములో పడకుండా పక్కన మైకు దగ్గర నిలబెట్టారు, ఆవిడ డైలాగు చెప్తుంటే ఓండ్రా కెమెరా ముందు పెదాలు కదిపింది, అదీ షూటింగ్ జరుగుతుండగానే, ఇద్దరూ ఒకేసారి. మన తోలుబొమ్మలాటే అనుకోండి, కాకపోతే ఇక్కడ బొమ్మకి కూడా ప్రాణం ఉంది.

మీరు మళ్లీ పెట్టుకుని ఆ టిఫిన్ సీను చూడండి. రాత్రి తన మీద పడబోయినవాణ్ణి బ్రెడ్డు కోసే కత్తితో చంపి వచ్చిన పిల్ల, పొద్దున్నే ఇంట్లోవాళ్లతో కూర్చుంటుంది, పొరుగావిడ ఆ హత్య గురించే వాగుతూ ఉంటుంది, మాటలన్నీ గుసగుసలా కలిసిపోయి ‘కత్తి’ అన్న ఒక్క మాటే చెవిలో గుచ్చుకుంటుంది, నాన్న బ్రెడ్డు కొయ్యమంటే చేతిలో చాకు కాస్తా ఎగిరిపడుతుంది. మాటలొచ్చిన కొత్తలోనే మాటల్ని చెరిపేసి భయపెట్టాడు మహానుభావుడు!

ఓండ్రా తర్వాత జర్మనీలో సినిమాలు చేసి బాక్సర్ మాక్స్ ష్మెలింగ్‌ని పెళ్లాడింది. నేను బరంపురంవాణ్ణి, బెజవాడ హోటల్లో ‘ఏటి’ అన్నందుకు ‘మీరు ఒరియావాళ్లా’ అని అడిగించుకున్నవాణ్ణి, కాబట్టి ఆ అమ్మాయంటే నాకు కాస్త పక్షపాతమే.

ప్రశ్న (కోరాపుట్ పాఠకుడు): ‘బ్లాక్ నార్సిసస్’ సినిమాలో హిమాలయాలు ఏ ఊళ్లో తీశారు సార్? మా దేవమాలి మీంచి చూస్తే కనపడే లోయలా ఉంది.

జవాబు: డార్జిలింగూ లేదు, సిమ్లా లేదు బాబూ. 1947లో మైకేల్ పవెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ అనే దర్శకులిద్దరూ దాన్ని ఇంగ్లండ్‌లోనే, పైన్‌వుడ్ స్టూడియోలో తీశారు, కొంచెం ససెక్స్‌లో ఒక తోటలో. కొండ అంచున నన్ (క్రైస్తవ సన్యాసిని) గంట కొడుతుంటే కింద కళ్లు తిరిగేలా కనపడే లోయ ఉంది చూడండి, అది పెయింటింగ్. వెనక కొండలు చాలావరకు పెద్దవి చేసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు, వాటి మీద రంగు సుద్దలు రుద్దారు. కెమెరామన్ జాక్ కార్డిఫ్‌కీ, ఆర్ట్ డైరెక్టర్ ఆల్‌ఫ్రెడ్ యూంగేకీ ఆస్కార్లు ఊరికే రాలేదు. నాకు గుచ్చుకునేది మాత్రం ఒకటుంది, జీన్ సిమన్స్‌కి రంగు పూసి మన పిల్లని చేశారు, అదే సినిమాలో యువరాజు వేషానికి మైసూరు మావటివాడి కొడుకు సాబూ దొరికాడు కదా, ఆడపిల్ల దొరకలేదా? సాబూ అప్పటికి పదేళ్ల నుంచీ స్టారు, 1937లో ‘ఎలిఫెంట్ బాయ్’తో మొదలెట్టాడు.

ప్రశ్న (రాయగడ): ‘కోటా క్వికీ’ అంటే ఏంటండి?

జవాబు: హాలీవుడ్ సినిమాలే హాళ్లన్నీ ఆక్రమించేస్తున్నాయని 1927లో బ్రిటన్‌లో చట్టం చేశారు, ఇన్ని బ్రిటిష్ సినిమాలు వెయ్యాల్సిందేనని. హాళ్లకి 5 శాతంతో మొదలై 20 దాకా వెళ్లింది. కోటా నింపడానికి అడుగు ఫిల్ముకి ఒక పౌండు ఖర్చు లెక్కన చుట్టేసిన సినిమాలకి ఆ పేరు. పైన చెప్పిన పవెల్ పని నేర్చుకున్నది వాటిలోనే. పొద్దున్నే హాలు ఊడ్చేవాళ్ల ముందు రీళ్లు తిప్పేసి కోటా అయిందనిపించేవాళ్లని కూడా చెప్పుకుంటారు.